అరంగుళమ్మ లెక్కలు

ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దానితో పోస్టుమ్యాన్‌కు తప్ప ఎవరికీ పనిలేదు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ అరంగుళమ్మే. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరు ఏ బట్ట తెచ్చినా, ఎంత బిగుతుగా కుట్టమని బతిమాలినా, కొలతకు అరంగుళం గుడ్డ ఎక్కువ వదిలే కత్తిరిస్తుంది. "ఇవాళున్న ఒళ్లు రేపుంటుందా? వదులు చేయమని వస్తే అప్పుడు గుడ్డ ఎక్కణ్ణుంచి తేను?" అంటుంది. ఇక బడిపిల్లల యూనిఫారాల సంగతి చెప్పక్కర్లేదు. ఒకే చొక్కాతో మూడు తరగతులు దాటిన పిల్లలు ఆ వీధిలో ఉన్నారంటే అది ఆవిడ చలవే.

ఇంటి ముందు గదే ఆవిడ దుకాణం. కిటికీ పక్కన మిషను, మధ్యలో గదంత బల్ల, గోడకు వేలాడే కాగితపు నమూనాలు. ఆ బల్ల మీద గుడ్డ పరిచి, కళ్లు సగం మూసి, ఇన్ని చొక్కాలు వస్తాయి, ఇంత ముక్క మిగులుతుంది అని చెప్పిందంటే అందులో వేలెడు తేడా ఉండదు.

ఇంత పనిమంతురాలూ పదో తరగతి తప్పింది. తప్పింది కూడా ఒక్క లెక్కల్లోనే. తక్కినవన్నీ గట్టెక్కి, లెక్కల దగ్గర ఇరవై తొమ్మిది మార్కులతో చతికిలపడింది. లెక్కలు తప్పనిసరి సబ్జెక్టు అంటారు గదా, అంటే తప్పడానికి వీల్లేనిది అని గదా అర్థం, ఆవిడ ఏరికోరి అందులోనే తప్పింది. "నీకూ లెక్కలకూ చుక్కెదురు" అన్నారు అప్పటి మాస్టారు. తండ్రి "పోనీలే, మీ అమ్మ మిషనే పట్టుకో" అన్నాడు. పదిహేనేళ్ల పిల్ల ఇద్దరి మాటా నమ్మింది. నమ్మి ఇరవై మూడేళ్లు రోజుకు వంద లెక్కలు నోటితో చేస్తూ, ఎవరడిగినా "నాకు లెక్కలు రావండీ" అని చెప్పుకుంటూ వచ్చింది. వినేవాళ్లయినా ఆ మాట కాదనాలా? ఒక్కరూ అనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కుట్టు శిక్షణ కేంద్రం ప్రిన్సిపాలమ్మ తన కోటు తీసుకుపోవడానికి వచ్చింది. కోటు తిరగేసి లోపలి కుట్టు చూసింది, అంచులు చూసింది, తరవాత స్టూలు మీద కూర్చుంది.

"మా కటింగ్ టీచరు ఈ ఏడాదితో రిటైరవుతోంది. ఆ పనికి మీరు రావాలి" అంది.

అరంగుళమ్మకు ఆ తరగతి గది కళ్లముందు మెదిలింది. పొడవాటి బల్లలు, ముప్పై మంది నేర్చుకునేవాళ్లు, గోడకు బోర్డు, చేతిలో సుద్దముక్క. పెళ్లికి ముందునుంచీ ఆవిడ మనసులో దాచుకున్న కోరిక అదే. మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు, నవ్వుతాడని.

"ఒక్క కాగితం కావాలి. పది పాసైనట్టు. రూలు" అంది ప్రిన్సిపాలమ్మ.

"లెక్కలు తప్పానండీ."

"ఒక్క లెక్కలేగా. ప్రైవేటుగా కట్టి రాయండి. మా ఉద్యోగం దరఖాస్తులకు చివరి తేదీ వరకు నేను ఆపగలను. ఆ రోజు సాయంత్రం అయిదు దాటితే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

సిటీ బస్సు నడిపే మొగుడు ఆ సాయంత్రం సంగతి విని నవ్వలేదు. "ఇరవై మూడేళ్ల తరవాత పరీక్షా? నాకు లైసెన్సు కోసం కళ్ల పరీక్ష అంటేనే చెమటలు పడతాయి. రాయి, రాయి. ఇంట్లో ఒకరికైనా ధైర్యం ఉండాలి" అన్నాడు.

ఇక కూతురి సంతోషం చెప్పనలవి కాదు. ఆ పిల్ల కూడా అదే ఏడు పది చదువుతోంది, లెక్కల్లో దిట్ట. ఇన్నేళ్లుగా "హోంవర్కు అయిందా?" అని రోజూ అడిగించుకున్న పిల్లకు పగ్గాలు చేతికొచ్చాయి. బడి నుంచి రాగానే స్కేలు పట్టుకుని బల్ల అవతల నిలబడింది.

"కూర్చో అమ్మా. కిటికీలోంచి చూడకు. కత్తెర పక్కన పెట్టు."

"పెట్టాను టీచరమ్మగారూ."

"వెటకారం వద్దు. దీర్ఘచతురస్రం పొడవు పన్నెండు, వెడల్పు ఎనిమిది. వైశాల్యం ఎంత?"

అరంగుళమ్మ దూలం వైపు ఒక్క చూపు చూసి, "నూట ఆరుంపావు" అంది.

"తొంభై ఆరు" అంది కూతురు. "సరే, ఇది చెప్పు. చతురస్రం, భుజం పది."

"నూట పదింపావు."

"వందమ్మా. పదిపదులు వంద. నాకు రెండో తరగతిలో నువ్వే గదా నేర్పావు."

వారం రోజులు అదే వరస. ఎక్కాలు తప్పు లేకుండా ఒప్పజెబుతుంది, సూత్రాలు అడిగితే చెబుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ పుస్తకాన్ని దాటిపోతుంది. కూతురికి తలప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదో రోజు అరంగుళమ్మ పుస్తకం మూసేసి లేచింది.

"చెప్పాను గదే, నాకు రావని. ప్రిన్సిపాలమ్మకు రేపే చెప్పేస్తాను. పాపం ఆవిణ్ణి ఆశపెట్టడం దేనికి?"

గొంతు బాగానే ఉంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురు అది చూసింది. ఆ వారం నోటుపుస్తకం ముందేసుకుని తప్పు జవాబులన్నీ వరసగా చూసింది. కాసేపటికి తలెత్తింది.

"అమ్మా, పన్నెండున్నరని ఎనిమిదిన్నరతో హెచ్చిస్తే ఎంత?"

"నూట ఆరుంపావు."

"కాగితం లేకుండా ఎలా చెప్పావు?"

"గుడ్డ ఎంత పడుతుందో కాగితం మీద వేసుకుంటూ కూర్చుంటే దుకాణం మూసుకోవాల్సిందే."

"మరి పన్నెండు ఇస్తే పన్నెండున్నర ఎందుకు చేశావు?"

అరంగుళమ్మ పిల్ల వంక జాలిగా చూసింది. "వదలనా మరి? పన్నెండు అంటే పన్నెండే కత్తిరిస్తే కుట్టులోకి పోయేది ఎవరిస్తారు? తొడుక్కునేవాడికి పదకొండున్నరే మిగులుతుంది."

కూతురు బల్ల మీద తల వాల్చేసింది. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందేమోనని తల్లి కంగారుపడి దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల ఏడవడం లేదు, ఊపిరాడకుండా నవ్వుతోంది.

"అమ్మా, పుస్తకంలో దీర్ఘచతురస్రాన్ని ఎవరూ తొడుక్కోరే."

ముందు అరంగుళమ్మకు ఒళ్లు మండింది. తరవాత ఆ మాట మెల్లగా బుర్రకెక్కింది. ఎక్కాక ఆవిడ కూడా స్టూలు మీద కూలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డ్యూటీ దిగి వచ్చిన మొగుడు గుమ్మంలో నిలబడి ఈ ఇద్దరికీ ఏమైందో తెలియక తిరిగి వెళ్లిపోదామా అని చూశాడు.

నవ్వు ఆగాక ఆవిడకు పాత రోజులు గుర్తొచ్చాయి. పదకొండో ఏటినుంచీ తల్లి మిషను పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్న పిల్ల తను. పదో తరగతి నాటికే చేతికి ఆ అలవాటు పట్టేసింది. అప్పుడూ ఇలాగే చేసి ఉంటుంది. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేశారు గానీ, ఎందుకిలా రాశావని అడగలేదు. తలుచుకుంటే కోపం వచ్చింది. కోపం వెనకే ఇంకోటి వచ్చింది. అయితే నాకు లెక్కలు వచ్చు అనుకుంది.

వచ్చినంత మాత్రాన అలవాటు పోతుందా. కూతురు పెద్ద అట్టముక్క మీద "కుట్టుకు వదలొద్దు" అని రాసి మిషను పైన గోడకు అంటించింది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు అది చదివి లబోదిబోమన్నారు. "అదేంటమ్మా, ఇన్నాళ్లూ నీ దగ్గరికి వచ్చేదే అందుకు గదా" అని ఒకావిడ గుడ్డ తిరిగి సంచిలో పెట్టేసుకుంది. ఆవిడకు నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది.

మిగతా పాఠాలు అనుకున్నంత మొండికెయ్యలేదు. ఎక్స్ అంటే ఏమిటో మూడు రోజులు బుర్రకెక్కలేదు. నాలుగో రోజు తనే కనిపెట్టింది. "కొలతలు ఇవ్వకుండా గుడ్డ పడేసిపోయిన మనిషే గదే ఈ ఎక్స్? పాత చొక్కా ఇచ్చాడనుకో, దాన్నిబట్టి కొలత లాగుతాం. అంతేనా?" అంది. కూతురు ఒక్క క్షణం ఆలోచించి, "అంతేనే అమ్మా, మా సారు ఇంత బాగా చెప్పలేదు" అని ఒప్పుకుంది.

లెక్కల పరీక్ష రోజు తల్లీకూతుళ్లు వేరువేరు కేంద్రాలకు బయల్దేరారు. అరంగుళమ్మ హాల్లో అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు.

"కూర్చోండి నాయనా. నేనూ మీ బాపతే" అంది ఆవిడ, తన నంబరున్న బెంచి వెతుక్కుంటూ.

హాలంతా కిసుక్కుమంది. ప్రశ్నాపత్రం చేతికొచ్చాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడ ఒక్కో లెక్కా చేయడం, చేశాక కుట్టుకు వదిలానా అని మళ్లీ చూసుకోవడం. రెండుచోట్ల వదిలింది కూడా, కొట్టేసి సరిచేసింది. ఆ తిరగచూడడంలోనే టైమంతా పోయి కొన్ని ప్రశ్నలు ముట్టనైనా లేదు. కాగితాలు అయిపోతే అదనపు కాగితం అడిగి తీసుకుని, దాన్ని దారంతో కట్టి, పదిహేడో ప్రశ్న దగ్గరికి వచ్చింది. దాన్ని చూసి కలం కింద పెట్టేసింది.

మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు గల గుడ్డ నుంచి ఇరవై అయిదు సెంటీమీటర్ల చదరపు చేతిరుమాళ్లు ఎన్ని కత్తిరించవచ్చు? నాలుగు మార్కులు.

పొడవులో పన్నెండు, వెడల్పులో ఆరు, మొత్తం డెబ్బై రెండు. పుస్తకం అడిగేది అదే. ఆవిడకు తెలుసు. కానీ డెబ్బై రెండు రుమాళ్లూ అంచు మడవకుండా, పీచులు లేస్తూ కళ్లముందు కనబడ్డాయి. ఒక్క ఉతుకుకు చింపిరి గుడ్డలవుతాయి. ఈ లెక్క ఇచ్చినవాళ్లు జన్మలో సూది పట్టారా? చేతిరుమాలుతో ఎన్నడైనా ముఖం తుడుచుకున్నారా? ఆవిడ రెండు నిమిషాలు తనతో తను పోట్లాడింది. చివరికి డెబ్బై రెండు అని జవాబు రాసి, కింద గీత గీసి, దాని కింద ఇంకో రెండు వరసలు రాసింది. "ఇది అంచు మడవకపోతేనే. నాలుగు పక్కలా ఒక్కో సెంటీమీటరు మడిస్తే ఒక్కో రుమాలుకు ఇరవై ఏడు కావాలి. అప్పుడు వచ్చేవి పదకొండు అయిదులు యాభై అయిదే." రాశాక ప్రాణం కుదుటపడింది.

ఫలితాలు వచ్చిన రోజు కూతురికి లెక్కల్లో తొంభై ఒకటి. తల్లికి ముప్పై రెండు. పాసుకు ముప్పై అయిదు రావాలి.

అరంగుళమ్మ కూతురిని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. వీధిలో ఎనిమిదిళ్లకు తనే వెళ్లి తొంభై ఒకటి అని చెప్పి వచ్చింది. ఆ తరవాత మిషను దగ్గర కూర్చుని ఒక చొక్కాకు కాలరు తిరగేసి కుట్టింది. జన్మలో ఆవిడ అలాంటి పని చేయలేదు. మొగుడు అది చూసి, ఏ మాట అంటే ఎటు పోతుందోనని, మెల్లగా కత్తెర అందుకుని ఆ కుట్టు విప్పిపెట్టాడు.

"మూడు మార్కులమ్మా" అంది కూతురు ఏడుపు గొంతుతో. "మూడే."

"ముప్పై తక్కువైనా మూడు తక్కువైనా తప్పడం తప్పడమే. నన్ను నీ తొంభై ఒకటికి సంతోషపడనివ్వవే కాసేపు."

దిద్దిన పేపరు నకలు కావాలంటే ఇస్తారని పిల్ల చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. ఇంకోసారి చూసుకుని ఏడవడానికా అంది. కూతురు ఆవిణ్ణి అడక్కుండానే కంప్యూటర్లో అర్జీ పెట్టేసింది. పదిరోజులకు కవరు వచ్చింది. ఉద్యోగం దరఖాస్తులకు చివరి తేదీ మర్నాడే.

కూతురు ఆత్రంగా కవరు చించి మొదటి పేజీ మీద గడుల్లోని మార్కులు కూడింది. ముప్పై రెండే. మళ్లీ కూడింది. మళ్లీ ముప్పై రెండే.

"కూడిక సరిగానే ఉందమ్మా" అంది, కాగితాలు వదిలేసి.

"అలా చూస్తే ఏం తెలుస్తుందే? ఇలా తే."

చొక్కా ఏదైనా సరే, మిషనెక్కే ముందు ఆవిడ ముక్కలన్నీ బల్ల మీద పరుస్తుంది. ముందు రెండు, వెనక ఒకటి, చేతులు రెండు, కాలరు, జేబు. ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసుకుని గానీ సూదికి దారం ఎక్కించదు. పేపరు కాగితాలు కూడా అలాగే పరిచింది. లోపలి పేజీలో ఎర్ర అంకె కనిపించినచోటల్లా ఒక వేలు, మొదటి పేజీలో దాని గడి మీద ఇంకో వేలు. ఒకటి, ఉంది. రెండు, ఉంది. అలా జరుగుతూ జరుగుతూ అదనపు కాగితం దగ్గర ఆగింది.

"పదిహేడు ఎక్కడే?"

మొదటి పేజీలో పదిహేడో గడి ఖాళీగా ఉంది. అదనపు కాగితం మీద పదిహేడో జవాబు పక్కన నాలుగుకు నాలుగు అని ఎర్రగా వేసి ఉంది. కింద ఆవిడ రాసిన రెండు వరసల పక్కన, దిద్దినవాళ్లెవరో గానీ, అదే ఎర్రసిరాతో ఒకే మాట రాశారు. "నిజమే."

ఆవిడ రాసింది చూసి మురిసిపోయి, మార్కులు ముందు పేజీకి ఎక్కించడం మరిచిపోయారన్నమాట.

కూతురు గదిలో గిరగిరా తిరుగుతూ ముప్పై ఆరు, ముప్పై ఆరు అని అరుస్తోంది. అరంగుళమ్మకు అది సరిగ్గా వినబడనే లేదు. లెక్కల కాగితం మీద తన మాటకు ఒకరు నిజమే అన్నారు. ఆవిడ ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే పరీక్షల ఆఫీసుకు వెళ్లారు ఇద్దరూ. కూతుర్ని వరండాలో ఆపేశారు. లోపల కళ్లజోడు పెట్టుకున్న అధికారి కాగితాలు చూడకుండానే పక్కకు తోశాడు.

"చూడమ్మా, ఇన్ని వేల పేపర్లు. ఎక్కడో ఒకటి జరుగుతుంటుంది."

"మీకు వేలు సార్. నాకు ఒక్కటే."

ఆయన తలెత్తాడు. ఆవిడ కాగితాలు ఆయన బల్ల మీద పరిచి, ఇక్కడొక వేలు, అక్కడొక వేలు పెట్టి చూపించింది. "కాలరు వదిలేసి చొక్కా ఇస్తే మీరు తీసుకుంటారా సార్? విప్పి మళ్లీ కుట్టమనరూ?"

అధికారి పదిహేడో జవాబు చదివాడు. కింది రెండు వరసలూ చదివాడు. చదివి, జేబులోంచి తన చేతిరుమాలు తీసి, దాని అంచు తిప్పి తిప్పి చూసుకున్నాడు. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరన్నది నిజమే. సరిచేసిన పత్రం నాలుగు రోజుల్లో పోస్టులో వస్తుంది."

"ఇవాళ అయిదింటితో నా ఉద్యోగం పోతుంది సార్. ఈ బెంచీ మీద కూర్చుంటాను. మీకేం అడ్డం రాను."

అన్నట్టే కూర్చుంది. గంట, రెండు గంటలు, మూడు గంటలు. అడ్డం రాలేదు గానీ, అటూ ఇటూ తిరిగే ప్రతి మనిషి చొక్కా వైపూ చూస్తూ కూర్చుంది. ఎవరి భుజం కుట్టు వంకరగా ఉందో వాళ్లకే తెలిసిపోయి చొక్కా సర్దుకోవడం మొదలుపెట్టారు. నాలుగు కావస్తుండగా అధికారి స్వయంగా ముద్ర కొట్టి పత్రం తెచ్చి ఇచ్చాడు.

అది అందుకుంటూ ఆవిడ ఒక్కటి అడిగింది. "ఇరవై మూడేళ్ల కిందటి పేపరు కూడా చూడొచ్చా సార్?"

"అవి ఎప్పుడో చించేసుంటారమ్మా."

ఆ పదిహేనేళ్ల పిల్ల నిజంగా తప్పిందో, ఎవరైనా ఒక గడి మరిచిపోయారో ఇక ఎప్పటికీ తెలియదు. ఒకసారి చూడండి అని అప్పుడు ఎవరూ అనలేదు, తనూ అనలేదు. "పోనివ్వండి సార్" అని నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

వరండాలో కూతురు పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నారమ్మా?"

"లెక్క తప్పిందట."

పిల్ల ముఖం వాడిపోయింది. "మళ్లీ నీదా?"

"నాది కాదే పిచ్చిదానా. వాళ్లది. పద, బస్సు పోతుంది."

శిక్షణ కేంద్రం చేరేసరికి అయిదుకు పది నిమిషాలుంది. గుమాస్తా ఫారం ఇచ్చి, తలుపు దగ్గరికి వేసి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అరంగుళమ్మ పేరు రాసింది, చిరునామా రాసింది. తరవాతి గడి విద్యార్హత.

బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా, కూతుర్ని బడిలో వేసిన రోజైనా ఆ గడి వచ్చినప్పుడల్లా ఆవిడ "పదో తరగతి" అని రాసేది. రాసి, అబద్ధమాడినట్టవుతుందని, పక్కనే ఇరుకుగా చిన్న అక్షరాలతో "లెక్కలు తప్ప" అని చేర్చేది. ఇవాళ కూడా "పదో తరగతి" అని రాసింది. కలం దానంతటదే పక్కకు జరిగింది. అక్కడ ఆగిపోయింది. చేర్చడానికి ఏమీ లేదు. కళ్లు మసకబారి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి. చేత్తో తడిమి చూసింది. అలుక్కుపోలేదు, బాగానే ఉన్నాయి.

"అయిందా అమ్మా?" అని అడిగాడు గుమాస్తా.

"అయిందండీ" అంది ఆవిడ.